ఆ అరగంట ఆగితే ప్రాణం పోతుంది

ఏటా మామిడి పిందెలతో పాటే ఆ సందేశమూ వస్తుంది. ఈసారి మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో బాబాయి పెట్టారు. సారాంశం ఇది: "ఈక్వినాక్స్ ప్రభావంతో రాబోయే అయిదు రోజులు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పన్నెండు నుంచి మూడు దాకా ఇంట్లోనే ఉండండి. ఎండలోంచి వచ్చాక చల్లని నీళ్ళు తాగకండి, సన్నని రక్తనాళాలు చిట్లిపోతాయి. కాళ్ళు, చేతులు, ముఖం వెంటనే కడగకండి. ఒళ్ళు సర్దుకునేదాకా కనీసం అరగంట ఆగండి. ఒక డాక్టరు స్నేహితుడు చెమటలతో ఇంటికి వచ్చి చన్నీళ్ళతో కాళ్ళు కడుక్కోగానే కుప్పకూలిపోయాడు. గదిలో సగం బకెట్టు నీళ్ళు పెట్టుకోండి. ఆరుబయట కొవ్వొత్తి పెట్టి చూడండి, కరిగితే ప్రమాదం. తెలిసినవాళ్ళందరికీ పంపండి."

పంపేవాళ్ళు మన మంచి కోరే పంపుతారు. అందుకే నాకు కోపం రాదు, భయం వేస్తుంది. ఆ భయానికి కారణం చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో మా వీధిలో ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇసుక తట్ట మోస్తున్న కుర్రాడు ఉన్నట్టుండి గోడవారగా చతికిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. పేరు అడిగితే ఇంకేదో చెబుతున్నాడు. చెయ్యి ముట్టుకుంటే పెనం మీద పెట్టినట్టు ఉంది. ఎదురింటావిడ ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసాలు తీసుకుని పరుగెత్తుకొచ్చారు. గుంపులో ఒకాయన అడ్డుపడ్డాడు: "చన్నీళ్ళు పోయకండమ్మా, నరాలు చిట్లుతాయి. కాసేపు ఆగండి." ఆవిడ ఆగిపోయారు. అందరం ఆగిపోయాం, నేను కూడా. ఆటో వచ్చేదాకా ఆ సీసాలు ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి, వాటి మీద పట్టిన చెమ్మ ఆవిడ మోచేతుల మీదుగా కారుతోంది. కుర్రాడు బతికాడు కానీ చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చింది. ఆ సీసాలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

కాబట్టి ముందుగా చన్నీళ్ళ మాటే తేల్చుకుందాం.

"చల్లని నీళ్ళతో రక్తనాళాలు చిట్లిపోతాయి." చిట్లవు. చర్మానికి చల్లదనం తగిలితే అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి తగిలితే వెడల్పవుతాయి. పుట్టినప్పటి నుంచీ రోజుకు ఎన్నోసార్లు అవి చేసే పనే ఇది. తాగిన నీళ్ళ విషయానికొస్తే, అవి గొంతు దిగి కడుపులోకి చేరేలోపే వేడెక్కడం మొదలవుతుంది. అయిదు డిగ్రీల చల్లదనమున్న అరలీటరు నీరు ఒంటి వేడికి సమానం కావడానికి మన ఒంటి నుంచి తీసుకునేది పదహారు కిలోక్యాలరీల వేడే, చాలా తక్కువ. అంటే చల్లని నీళ్ళు తాగడం ప్రమాదమూ కాదు, వడదెబ్బకు అదొక్కటే మందూ కాదు. ఐసు నీళ్ళు గటగటా తాగితే కొందరికి నుదుట పోటు వస్తుంది, నిమిషంలో పోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఒక్కసారిగా మంచునీళ్ళలో మునగడం మంచిది కాదన్నది మాత్రం నిజం. అయితే మే నెలలో మేడమీది ట్యాంకు నుంచి వచ్చే నీటిలో చెయ్యి పెట్టి చూడండి. అది చన్నీళ్ళంటే ఎవరు నమ్ముతారు?

మన ఊళ్ళలో చలివేంద్రాలు పెట్టే ఆచారం ఎన్ని తరాలదో! ఎండన పడి వచ్చిన బాటసారికి కుండలోని చల్లని నీరు ముంతతో పోయడం పుణ్యమని మన పెద్దలు నమ్మారు. ఈ సందేశమే నిజమైతే మండుటెండలో దాహంతో వచ్చిన వాళ్ళకు మనం తరతరాలుగా హాని చేస్తూ వచ్చినట్టే.

"అరగంట ఆగండి." మొత్తం సందేశంలో నన్ను వణికించే మాట ఇదే. వడదెబ్బ అంటే నీరసం కాదు. ఒంటిలోపలి వేడి నలభై డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడటం, తూలడం, మూర్ఛపోవడం మొదలైతే అది వడదెబ్బ. ఆ వేడికి మెదడు, కాలేయం, మూత్రపిండాలు, కండరాలు లోపల్లోపలే దెబ్బతింటుంటాయి. ఎంత దెబ్బతింటాయన్నది వేడి ఎంతకు పెరిగిందన్న దాని కన్నా, ఎంతసేపు అలా ఉండిపోయిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే డాక్టర్లు గడియారం చూసుకుంటూ పనిచేస్తారు. సుమారు అరగంటలోపు ఒంటి వేడిని ముప్పై తొమ్మిదికి దగ్గరగా దించాలన్నది వాళ్ళ లక్ష్యం. సందేశం ఆగమనే అరగంటా, వైద్యం ఆగకూడదనే అరగంటా ఒక్కటే.

ఇది పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్‌మత్ అనే ఊళ్ళో ఏటా ఎండాకాలంలో ఒక పరుగు పందెం జరుగుతుంది. అక్కడ పద్దెనిమిదేళ్ళలో వడదెబ్బ తిని పడిపోయిన 274 మందిని అక్కడికక్కడే ఐసు నీళ్ళ తొట్లలో పడుకోబెట్టారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఎవరి నరాలూ చిట్లలేదు. మన దేశంలోనే 2024 వేసవిలో ఢిల్లీలోని రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రి వడదెబ్బ రోగుల కోసం ప్రత్యేక విభాగం తెరిచింది. అక్కడ కొత్తగా పెట్టినవి ఏమిటనుకున్నారు? తొట్లు, ఐసు తయారుచేసే యంత్రం.

మన వీధిలో ఐసు తొట్టి ఉండదు. అక్కర్లేదు కూడా. నీడకు చేర్చండి, బరువైన బట్టలు విప్పండి, దొరికిన నీళ్ళు ఒంటినిండా పోయండి, తడిగుడ్డతో తుడుస్తూ విసరండి, చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐసు లేదా చల్లని నీళ్ళ సీసాలు పెట్టండి. 108కి ఫోను చెయ్యండి, కానీ అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకండి. వృద్ధులకైతే మునకలు వద్దు, తడిపి విసరడం మేలు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం చుక్క నీరు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పారాసెటమాల్ బిళ్ళ ఇవ్వడమూ దండగే. అది జ్వరానికి పనిచేస్తుంది, బయటి నుంచి ఎక్కిన వేడికి పనిచేయదు. పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద మరో బరువు.

"డాక్టరు స్నేహితుడు కాళ్ళు కడుక్కోగానే పడిపోయాడు." ఆయన పేరు ఏ సందేశంలోనూ ఉండదు, ఊరు ఒక్కోసారి ఒక్కోటి. పోనీ నిజంగానే జరిగిందనుకుందాం. ఎండలో చాలాసేపు నడిచి ఒక్కసారిగా ఆగితే, వెడల్పయిన రక్తనాళాల వల్ల రక్తం కాళ్ళలోకి దిగిపోయి, మెదడుకు తగ్గి, మనిషి సొమ్మసిల్లవచ్చు. లేదా ఆయన అప్పటికే వడదెబ్బతోనే ఇంటికి వచ్చి ఉండవచ్చు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం మరో పొరపాటు. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు చెమట కారుతుండగానే వడదెబ్బ తగులుతుంది. మా వీధి కుర్రాడు కూడా తడిసి ముద్దయి ఉన్నాడు. పడిపోయే ముందు చేసిన చివరి పని కాళ్ళు కడుక్కోవడం అయినంత మాత్రాన నేరం నీటిదైపోదు.

"ఈక్వినాక్స్ వల్లే ఎండలు." పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజునే విషువత్తు అంటాం. అది ఏడాదికి రెండుసార్లు, మార్చి 20 ప్రాంతంలోనూ సెప్టెంబరు 22 ప్రాంతంలోనూ, ప్రపంచమంతటికీ వస్తుంది. ఆ రోజు సూర్యుడు నడినెత్తిన ఉండేది భూమధ్యరేఖ దగ్గర. ఎండాకాలంలో మన తెలుగు నేల మీద నీడ మాయమయ్యే రోజు ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం లోపు, ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజున వస్తుంది, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో. అయిదు రోజుల ప్రభావమేమీ లేదు. నేల ఎండిపోవడం, వాయవ్యం నుంచి వేడిగాలులు రావడం, కోస్తాలో సముద్రపు గాలి ఆలస్యం కావడం, ఇవన్నీ కలిసి మే చివర్లో, రోహిణి కార్తెలో మనల్ని మాడుస్తాయి. 2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్ళలో అత్యధికులు మన రెండు రాష్ట్రాల వాళ్ళే. అప్పుడు విషువత్తు దాటి రెండు నెలలయింది.

"కొవ్వొత్తి కరిగితే ప్రమాదం." మామూలు మైనం కరగడానికి యాభై డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. నీడలో పెట్టిన కొవ్వొత్తి చెక్కుచెదరకుండా నిలబడి ఉండగానే పక్కన మనిషి కూలిపోవచ్చు. కొవ్వొత్తికి చెమట పట్టదు. మనల్ని కాపాడేది చెమటే, అదీ కారిపోయే చెమట కాదు, ఆరిపోయే చెమట. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడి వెంట పట్టుకుపోతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు, ధారగా కారిపోతుంది, నీరు పోతుంది కానీ వేడి పోదు.

కొలత కావాలంటే కొవ్వొత్తిని వదిలేసి మట్టికుండను చూడండి. కుండ ఒళ్ళంతా చెమర్చి, ఆ తడి ఆరుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మన ఒళ్ళూ అచ్చంగా అంతే. గాలిలో తేమ పదిహేను శాతం ఉన్న రామగుండంలో ఎండ 45 డిగ్రీలున్నా, నీడలోని కుండ నీరు సూత్రప్రకారం 24 డిగ్రీల దగ్గరి దాకా దిగగలదు. సముద్రతీరంలో అరవై శాతం తేమతో 38 డిగ్రీలుంటే అదే కుండ 31 దగ్గర ఆగిపోతుంది. దీన్నే శాస్త్రవేత్తలు తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35కు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా తట్టుకోలేడని 2010లో లెక్కగట్టారు. 2022లో పెన్సిల్వేనియా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులనే పరీక్షిస్తే, తేమ ఎక్కువగా ఉన్న గాలిలో 31 దగ్గరే వాళ్ళ ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. అందుకే విశాఖలో ముప్పై ఎనిమిదిని చూసి "రామగుండం కన్నా నయమే కదా" అనుకోవద్దు. అలాగని పొడి ఎండ మంచిదనీ కాదు. అక్కడ దొరికే చల్లదనం ఊరికే రాదు, ఒంట్లోని నీరు పిండి తెచ్చుకున్నది. మజ్జిగ, ఉప్పేసిన నిమ్మరసం, గంజి, ఓఆర్‌ఎస్ లాంటివి తాగకపోతే ఆ కుండ ఎండిపోతుంది.

గదిలో సగం బకెట్టు నీళ్ళ వల్ల లాభమూ లేదు, చెప్పుకోదగ్గ నష్టమూ లేదు. ఆ నీటిలో ఒక తువ్వాలు ముంచి ఒంటి మీద కప్పుకుంటే మాత్రం ఉపయోగం.

"పన్నెండు నుంచి మూడు దాకా ఇంట్లో ఉంటే చాలు." ఎండ వేళ నీడన ఉండటం మంచిదే. కానీ గరిష్ఠ ఉష్ణోగ్రత తరచుగా మూడు దాటాకే నమోదవుతుంది. పైగా ఏ ఇంట్లో ఉండమంటున్నారు? పగలంతా ఎండ తాగిన కాంక్రీటు, తారురోడ్డు రాత్రంతా ఆ వేడిని బయటికి వదులుతూనే ఉంటాయి. చెట్టూ చెరువూ పోయిన బస్తీల్లో తెల్లవారుజామున కూడా గోడ వెచ్చగానే తగులుతుంది. పగటి దెబ్బ నుంచి గుండె తేరుకునేది రాత్రి చల్లదనంలోనే, ఆ రాత్రే కరువైతే మర్నాడు పాత అలసట మీద కొత్త ఎండ పడుతుంది. 1995లో షికాగో వడగాడ్పులకు ఏడు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఎండలో తిరిగినవాళ్ళు కాదు, కిటికీలు మూసుకుని తమ గదుల్లోనే ఉండిపోయిన ఒంటరి వృద్ధులు. మన దగ్గర 2010 మే నెలలో అహ్మదాబాదులో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలు కన్నా 1,344 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ దెబ్బకే ఆ నగరం 2013లో వేడిని ఎదుర్కొనే ప్రణాళిక తయారుచేసుకుంది. 2023లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం, అంటే ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పుల విధానం, తెచ్చింది. ఇంట్లో ఉండమని చెప్పేముందు ఆ ఇల్లు ఎలా ఉందో చూడాలని ప్రభుత్వాలు కూడా ఒప్పుకున్నాయన్నమాట.

ఇదంతా గ్రూపులో రాసే ముందు బాబాయికి ఫోను చేశాను. ఓపికగా విన్నారు. "పాపం, ఎవరికైనా మేలవుతుందని పంపానమ్మా, తీసేస్తాలే" అన్నారు. కాసేపు ఆగి, "మరి మా మేడమీద రేకుల గదిలో ఉంటున్న వాచ్‌మన్ వాళ్ళ సంగతేమిటి? చంటిపిల్ల ఉంది" అని అడిగారు. రేకులకు పైన తెల్లసున్నం దట్టంగా కొట్టించమన్నాను, ఈ నెలంతా రాత్రిళ్ళు వాళ్ళను కింద ఖాళీగా ఉన్న వాటాలో పడుకోనిమ్మన్నాను. మర్నాడు సాయంత్రం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మేడమీద రెండు సున్నం బస్తాలు, ఒక డ్రమ్ము, పొడుగు కర్రకు కట్టిన కుంచె.