"అబ్బాయికేం తక్కువ?"

మా కోనసీమలో పెళ్లిచూపులయ్యాక అమ్మాయి వద్దంటే మొదట వచ్చే ప్రశ్న ఇదే. తాగుతాడనో, కట్నం కోసం పీడిస్తున్నారనో చెప్పగలిగితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. ఉద్యోగం ఉంది, కొబ్బరితోట ఉంది, నెమ్మదస్తుడు, అయినా నాకొద్దు అంటేనే అసలు గొడవ. అందుకే షార్లెట్ బ్రాంటి 1847లో తెచ్చిన 'జేన్ ఐర్' అనే ఇంగ్లిష్ నవలలో నన్ను బాగా పట్టుకున్నది కథానాయిక జేన్ ప్రేమించిన రాచెస్టర్ కథ కాదు, సెయింట్ జాన్ రివర్స్ ఆమెను అడిగిన పెళ్లి.

రాచెస్టర్‌ని వదిలి వెళ్లినప్పుడు జేన్ దగ్గర అందరూ ఒప్పుకునే కారణం ఉంది, అతని భార్య బతికే ఉంది. సెయింట్ జాన్‌లో అలా చూపించడానికి తప్పేమీ లేదు. ఆకలితో, వానలో తడిసి గుమ్మంలో కూలబడిన ఆమెను ఇంట్లోకి తెచ్చినవాడు, తర్వాత మేనత్త కొడుకని తేలినవాడు, అంటే మన లెక్కలో బావ! చర్చి పాదిరి, మిషనరీగా మన దేశానికే బయల్దేరుతున్నాడు (మన నరసాపురానికి ఆ రోజుల్లోనే ఇంగ్లండ్ నుంచి అలాంటివాళ్లు వచ్చారు). నువ్వు పని కోసం పుట్టావు, ప్రేమ కోసం కాదు, ఇది దేవుడి పిలుపు అంటాడు. జేన్ వస్తానంటుంది, కానీ చెల్లెలిగా మాత్రమే, భార్యగా కాదు. అతను ఒప్పుకోడు. అరవడు కూడా, మంచులా బిగుసుకుపోతాడు. కూతురు కాదందని అన్నం మానేసి మంచం పట్టే తండ్రిని చూసినవాళ్లకు ఆ మౌనం ఎంత బరువో తెలుస్తుంది.

చివర్లో లొంగిపోబోతుండగా రాచెస్టర్ గొంతు ఎక్కడినుంచో వినిపించడం నాకు నచ్చదు. అయినా అంతకుముందే ఆమె తన బుద్ధితోనే చాలాసార్లు కాదంది, అతని తోబుట్టువు డయానా కూడా ఆమె పక్కనే నిలబడింది.

ఇంకో సంగతి మనవాళ్లు సరిగ్గా పట్టించుకోరు, డబ్బు. బాబాయి వదిలిపోయిన 20,000 పౌండ్లను తనకూ, సెయింట్ జాన్‌కూ, అతని ఇద్దరు తోబుట్టువులకూ సమానంగా పంచేసినా, పెళ్లిమాట వచ్చేనాటికి జేన్ చేతిలో సొంతంగా 5,000 ఉన్నాయి. కూడు కోసమో గూడు కోసమో తలవంచాల్సిన అవసరం లేదు. మన దగ్గర 1985 నుంచే హిందూ ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది, కానీ డెల్టా ఊళ్లలో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆమెకు పొలం వచ్చేది పెళ్లినాడు పసుపు కుంకుమల కిందే, పెళ్లి వద్దంటే ఆ ఎకరమూ లేదు. ఎలాగూ ఇవ్వాలనుకున్న పొలాన్ని సంబంధాలు చూడకముందే ఆమె పేరున రిజిస్టర్ చేయించి, ఆ తర్వాత అడగండి, అబ్బాయి నచ్చాడా అని.