చదివింపులకీ ఒక హద్దుండేది

కిందటేడు ఇక్కడ వర్జీనియాలో, మన తెలుగు సంఘం ఉగాదికి పచ్చడి కప్పు చేత్తో పట్టుకుని మా అమ్మ ముందు వరసలో కూర్చుంది. తెనాలి నుంచి వచ్చి మూడు వారాలే. పంచాంగ శ్రవణం దగ్గరగా వినాలని ఆవిడ పట్టుదల. కందాయ ఫలాల దాకా రాకుండానే మన వాలంటీరు కుర్రాడొచ్చి "అమ్మమ్మగారూ, ఇవి డోనర్ల సీట్లండీ, కొంచెం వెనక్కి" అన్నాడు. వాడి తప్పేం లేదు, చేతిలో లిస్టుంది. మేం ఐదో వరసలో సర్దుకునేసరికి మైకు పంతులుగారి చేతిలోంచి అభ్యర్థిగారి చేతిలోకి వెళ్లింది. డెలిగేట్ సీటుకి, అంటే వర్జీనియా శాసనసభ దిగువ సభకి, నిలబడ్డాయన. వేదిక మీద ఆయనతో ఫొటో దిగినవాళ్లంతా అంతకు ముందు ఒకరింటి బేస్‌మెంట్‌లో ఆయనకి చెక్కులు రాసినవాళ్లే. నేనూ రాశాను, 250 డాలర్లు. నాకు దక్కింది ఈమెయిలే. (మనది 501(సి)(3) సంఘం, అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థ, ఎన్నికల్లో ఎవర్నీ భుజాన మొయ్యకూడదని కార్యవర్గానికి గుర్తుందో లేదో!)

కారులో అమ్మ అడిగింది: "ఆయనకి ఎవరెంత చదివించారో రాసుంచుతారా?"

రాస్తారు. వర్జీనియాలో వంద డాలర్లు దాటితే పేరుతో సహా పద్దుకెక్కాల్సిందే.

"ఇంతకి మించి ఇవ్వకూడదనేం లేదా?"

లేదు. అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేసేవాళ్లకి, 2025-26 లెక్కన, ఒక మనిషి ఒక్కో ఎన్నికకి 3,500 డాలర్ల దాకానే ఇవ్వొచ్చు. పొటోమాక్ నది దాటి మేరీలాండ్ వెళితే నాలుగేళ్లకి కలిపి ఒక అభ్యర్థికి 6,000. మన రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లోని సీట్లకి మాత్రం వ్యక్తులైనా కంపెనీలైనా ఎంతైనా ఇవ్వొచ్చు. పుస్తకం ఉంది, హద్దు లేదు.

నా పెళ్లి చదివింపుల పుస్తకం ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. మేనమామ దస్తూరీ. బియ్యం మిల్లు ఆసామీ 116, బడి మాస్టారూ 116. ఆసామీ అంతకంటే ఇవ్వలేక కాదు, ఇస్తే మాస్టారి చెయ్యి జేబులోనే ఆగిపోతుందని. అన్ని పెళ్లిళ్లూ ఇంతేనని బుకాయించను. పెద్ద మొత్తాన్ని మైకులో రెండుసార్లు చదివించుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఇక అక్కడ ఆంధ్రలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షల రూపాయలు దాటకూడదన్న లెక్క ఎంత నిజమో మనలో మనకి తెలియంది కాదు.

ఇక్కడ అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే, బక్లీ వర్సెస్ వాలెయో కేసులో, అభ్యర్థి ఖర్చుకి హద్దు పెట్టకూడదు, అతనికిచ్చే విరాళానికి పెట్టొచ్చు అంది. హద్దు పెడితే డబ్బు బయటి కమిటీల్లోకి జారుకుంటుందనే వాదన ఉంది, బయటివాళ్ల ఖర్చుకి హద్దు పెట్టకూడదన్న 2010 తీర్పు తర్వాత అది నిజమే. గుప్పెడు మందిమి, చెక్కుల వల్లే కదా మన పేర్లు అభ్యర్థుల నోట సరిగ్గా పలుకుతున్నాయి అని మా మిత్రుడంటాడు. అదీ కాదనలేను. కానీ ఆ ఉగాది హాల్లో సగం మంది హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు. వాళ్లకి ఓటూ లేదు, చట్టప్రకారం చెక్కు రాసే వీలూ లేదు. వాళ్ల పిల్లల బడి గురించి అభ్యర్థి చెవిలో వేసేది ఎవరు?

విరాళాలకి పరిమితి పెట్టే బిల్లులు రిచ్‌మండ్‌లో కమిటీ గడప దాటడం గగనం. కాబట్టి ఈసారి బేస్‌మెంట్‌కి వచ్చే అభ్యర్థిని, చెక్కు తీసే ముందే, ఆ బిల్లుకి ఓటేస్తారా అని అడగండి. కార్యవర్గానికి ఇంకో మాట. ముందు వరస కుర్చీలకి అంటించే పేర్ల కాగితాలు ఈ ఏటికైనా మానండి. అమ్మ మళ్లీ మార్చిలో వస్తోంది.