లూర్దు నీరు మందు కాదు: చేతులు మారుతున్న ఒక సందేశానికి ఖండన

మరియమాత దర్శనమిచ్చిందని నమ్మే, ఫ్రాన్సులోని లూర్దు ఊళ్లో ఉన్న లూర్దు మాత క్షేత్రం గురించి ఒక సందేశం వాట్సాప్‌లో చాలాకాలంగా తిరుగుతోంది. అక్కడి ఊటనీటిలో జెర్మేనియం అనే మూలకం అపారంగా ఉన్నందువల్లే రోగాలు కుదురుతున్నాయని శాస్త్రవేత్తలు తేల్చారనీ, వేలాది స్వస్థతలను క్యాథలిక్ చర్చి ధ్రువీకరించిందనీ, ఆ నీటిని క్యాథలిక్కులకే, అదీ డబ్బు తీసుకుని ఇస్తారనీ దాని సారాంశం. ఆ ఊరిని యాత్రికుడిగా చూసివచ్చినందువల్లా, మంచాన పడిన మనిషి ఉన్న ఇంట్లో ఇటువంటి మాట ఎంత ఆశ రేపుతుందో తెలిసినందువల్లా ఈ జవాబు రాస్తున్నాను.

మొదటిది నీటి సంగతి. ఇది 1858లోనే తేలిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 11న 14 ఏళ్ల బెర్నదెత్ సుబీరు అనే ఆ ఊరి బాలిక తనకు అక్కడి గుహలో దర్శనం కలిగిందని చెప్పింది. అదే నెల 25న ఆమె చేతులతో నేలను తవ్వగా బురదనీరు ఊరింది. చుట్టుపక్కల పిరనీ పర్వతాల్లో ఔషధజలాల బుగ్గలున్న ఊళ్లు స్నానాలకు వచ్చే రోగులతో బాగుపడుతున్న రోజులవి కనుక, తమ ఊటా అటువంటిదే అయితే ఊరి దశ తిరుగుతుందని లూర్దు మేయరు ఆశపడ్డాడు, స్థానికంగా జరిగిన తొలి పరీక్ష ఆ ఆశకు ఊతమిచ్చింది కూడా. అయితే తులూజ్ నగరానికి చెందిన రసాయనశాస్త్ర ఆచార్యుడు ఫిలోల్ ఆగస్టులో ఇచ్చిన నివేదిక, అది సున్నపునేల గల కొండప్రాంతాల్లో దొరికే మామూలు తాగునీరేననీ, రోగం కుదర్చగల పదార్థమేదీ అందులో లేదనీ చెప్పింది. క్షేత్రం వారు సైతం ఆ నీటికి ఔషధగుణం అంటగట్టరు; దాన్ని ప్రార్థనకు ఒక గుర్తుగానే చూస్తారు. ఊటను వెలికి తీసిన బెర్నదెత్ చిన్ననాటి నుంచి ఉబ్బసంతో బాధపడి, 1879లో నెవేర్ కాన్వెంటులో 35 ఏళ్లకే కన్నుమూసిందన్న విషయం సందేశం పంపేవారికి తెలిసినట్టు లేదు. ఇక జెర్మేనియం మాటకొస్తే, దాన్ని ఆరోగ్యం కోసమని నెలల తరబడి మింగినవారిలో మూత్రపిండాలు పాడై ప్రాణాలు పోయిన ఉదంతాలు వైద్యపత్రికల్లో నమోదై ఉన్నాయి. ఈ సందేశంలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

రెండవది స్వస్థతల లెక్క. తమకు నయమైందని, ఇటువంటి కేసులను పరిశీలించే లూర్దు వైద్య కార్యాలయానికి తెలిపినవారు 7,000 మందికి పైగా ఉన్నారు. చర్చి అద్భుతాలుగా ప్రకటించినవి మాత్రం 2018 నాటికి 70, 2025లో ప్రకటించినదానితో కలిపి 72. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే అక్కడి జాగ్రత్తను చెబుతుంది. 1883లో మొదలైన ఆ కార్యాలయంలో కేసుల పరిశీలనకు, లూర్దుకు వచ్చిన ఏ వైద్యుడైనా, మతంతో నిమిత్తం లేకుండా, కూర్చోవచ్చు. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, నిర్ధారణ సందేహాతీతమై ఉండాలి, స్వస్థత హఠాత్తుగా, సంపూర్ణంగా కలిగి, ఏళ్ల తరబడి నిలవాలి, చికిత్సే దానికి కారణమై ఉండకూడదు. ఇన్ని గడపలు దాటాక కూడా వైద్యులు చెప్పేది ‘నేటి వైద్యజ్ఞానానికి కారణం అందలేదు’ అన్నంతవరకే. అద్భుతమని ప్రకటించే పని ఆ రోగి ప్రాంతపు బిషప్‌ది. ఆ ప్రకటనను నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. కానీ 72ను వేలుగా మార్చి, అప్పు చేసైనా రోగిని తీసుకెళ్లమని పురికొల్పడం దారుణం.

మూడవ మాటకు జవాబు చిన్నదే. గుహ దగ్గర కుళాయిల్లో నీరు ఉచితం. దుకాణాల్లో మనం చెల్లించేది సీసా ఖరీదు. మతం ఎవరూ అడగరు. అదే లూర్దు మాత పేరున విజయవాడ గుణదల కొండపై ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవాలకు అన్ని మతాలవారూ వెళ్లి తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయలు కొట్టి రావడం మనం ఎరిగినదే. లూర్దులో యాత్రల కాలంలో రాత్రి తొమ్మిదింటికి కొవ్వొత్తుల ప్రదక్షిణ బయలుదేరుతుంది, చక్రాల కుర్చీల్లోని రోగులను స్వచ్ఛంద సేవకులు ముందు వరుసలో నడిపిస్తారు. వారి వెనుక కొవ్వొత్తి పట్టుకుని నడిచిన నన్ను, జ్ఞానస్నానం పొందావా అని ఎవరూ అడగలేదు.