దారి మూసిందెవరో కూడా రాయండి

ఎడిటర్ గారూ, యుద్ధ వ్యతిరేక ర్యాలీ మీద మీరు వేసిన కథనం నిండా ఆగిన బస్సులు, మూసేసిన మెట్రో స్టేషన్లే. జనం ఎందుకొచ్చారో చివర్లో ఒక్క వాక్యం! పాత ఉదాహరణ ఒకటి చూడండి: 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ న్యూయార్క్‌లో లక్షలమంది కదిలారు. ఊరేగింపుకి నగరం అనుమతివ్వలేదు, కోర్టూ ఒప్పుకోలేదు. ఫస్ట్ అవెన్యూలో సభ మాత్రం పెట్టుకోమన్నారు. తీరా అక్కడికెళ్లే అడ్డవీధులకు పోలీసులు బారికేడ్లు పెట్టేసరికి, వేలమంది సభకు చేరలేక పక్క అవెన్యూల్లో నిండిపోయారు. ట్రాఫిక్ ఆగదా మరి? ప్రయాణికుల ఇబ్బంది తప్పకుండా రాయాలి, డ్యూటీకి లేటైతే జీతం పోయేవాళ్లున్నారు. కానీ ఈసారి మెట్రో స్టేషన్లు మూయమన్నదెవరు, ముందుగా ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నలు అధికారులను అడగాల్సింది మీ రిపోర్టరే కదా.