తేనెపెట్టె గారికి ఇంటి ఓనరు వ్రాయునది

అమ్మా (లోపల నడిచేది ఆడవాళ్ల రాజ్యమే కాబట్టి అమ్మా అనే అంటున్నాను),

మా పెరట్లో మునగచెట్టు కింద జాగా కావాలని మా బావమరిది ద్వారా కబురు పెట్టారు. దోస, గుమ్మడి పాదులకు పిందె బాగా దిగుతుందట, ఏడాదికి కొన్ని కిలోల తేనె కూడా అద్దె కింద ముడుతుందట. బాగానే ఉంది గానీ, బ్యాచిలర్లకు ఇల్లివ్వడానికే వంద ప్రశ్నలు వేసే కాలనీ మాది. మీరేమో ఒక రాణి, పెళ్లి ఊసే లేని ఆడకూతుళ్లు వేలల్లో, పనీపాటా లేని మగాళ్లు కొన్ని వందలు! (తిండికి కరువొస్తే ఆ మగాళ్లను మీరే గెంటేస్తారట, ఈ పద్ధతి మాత్రం మా ఆవిడకు తెగ నచ్చింది.)

తొట్టిలో గులకరాళ్లు వేసి నీళ్లు పెడతాను, అయినా మీరు పక్కింటి పిన్నిగారి కుళాయి దగ్గరకే పోతారు, పోయి ఊరుకోకుండా ఆవిడ ఆరేసిన తెల్లచీర మీద పసుపు చుక్కలు రాల్చి వస్తారు, అదేమిటో ఆవిడకు చెప్పాల్సింది నేను.

అసలు టెన్షన్ కుట్టడం గురించి. మీరు కుట్టి పోయాక కూడా ముల్లూ విషపు తిత్తీ చర్మంలోనే ఉండి ఇంకా ఎక్కిస్తూనే ఉంటాయి, క్షణం ఆలస్యం చేయకుండా గోటితో గీకేయాలి. పైగా అరటిపండు లాంటి వాసనొకటి వదిలి మిగతావాళ్లనూ రమ్మంటారు. చాలామందికి మంట, వాపుతో పోతుంది. కొందరికి మాత్రం నిమిషాల్లో గొంతు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోతుంది, అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, సున్నం కాదు. ఆ కొందరు మా వీధిలో ఎవరో వాళ్లకే తెలీదు. తేనె మాకు, వాపు వాళ్లకు అనే ఈ పంపకానికి నేనొక్కణ్ణే సంతకం పెడితే చెల్లుతుందా?

పొమ్మనలేక పొగబెట్టే వీలూ లేదు, పొగ పెడితే మీరు కడుపునిండా తేనె తాగి ఇంకా నెమ్మదిస్తారు. అదే చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా, పూలు తగ్గినా ఒక్క మాట చెప్పకుండా ఖాళీ చేసి పోతారు.

కాబట్టి మునగచెట్టు కింద కుదరదు. డాబా మీదైతే మీ రాకపోకలు మా తలల పైనుంచే సాగుతాయి కనుక ఆలోచిస్తాను, అదీ పిన్నిగారు ఒప్పుకుంటేనే. ఆవిడ ఊళ్లో లేరు. ఈలోగా అంత అర్జెంటైతే మా బావమరిది బాల్కనీ ఖాళీగానే ఉంది, అడిగి చూడండి.

ఇట్లు,
ఓనరు