మైనం గారికి ఖాళీ నోటీసు

మెరుపు కోసం కారుకు పూసే మైనమే వ్యాక్స్. పాత వ్యాక్స్ వల్ల చెడిపోయిన కారును నేనింతవరకూ చూడలేదు. పాత వ్యాక్స్ వదిలిస్తానని బయల్దేరిన మనిషి వల్ల చెడిపోయిన కార్లను మాత్రం చాలానే చూశాను. ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీదికి ఒకసారి వంగి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తాయి. అవి కాలం గీసినవనుకుంటే పొరపాటు. ఓనరుగారు సెలవు రోజున, చొక్కా చేతులు మడిచి, ఎంతో ప్రేమగా గీసినవి.

అందుచేత ఈ వ్యవహారానికి ఒక న్యాయశాస్త్రం ఉండాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కారు పైపూత మన సొంత ఇల్లు. వ్యాక్స్ అందులో అద్దెకు దిగిన మనిషి. అద్దెవాణ్ణి ఖాళీ చేయించడానికి ఒక వరస ఉంది. ముందు మర్యాదగా చెప్పాలి, తర్వాత నోటీసివ్వాలి, అప్పటికీ కదలకపోతే పోలీసుల్ని పిలవాలి. కారున్నవాళ్లు మాత్రం మొదటిరోజే బుల్డోజరుతో దిగుతారు.

ముందు ఇంటి కొలతలు తెలుసుకుందాం. కారు రంగంటే ఒకటే పూత అనుకునే అమాయకత్వం ఒకప్పుడు నాకూ ఉండేది. రేకు తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన మనం షోరూములో చూసి మురిసిపోయిన రంగు, అన్నిటికీ పైన గాజులా కనిపించే క్లియర్ కోట్. ఈ నాలుగంతస్తుల మేడ మొత్తం మందం చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50. మనిషి తల వెంట్రుక 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే కారున్నంత కాలం కాపాడుకోవలసిన ఆస్తి వెంట్రుక కంటే పలచన. నెత్తిన వెంట్రుక రాలితే అద్దం ముందు నిలబడి పడే టెన్షన్‌లో పదో వంతు బానెట్ కోసం పడినా, ఈ వ్యాసం రాయాల్సిన అగత్యం నాకుండేది కాదు.

ఇక అద్దెవాడి చరిత్ర. వ్యాక్సుల్లో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు తాటిజాతి చెట్టు ఒకటి, ఎండకు తనలోని తడి ఆరిపోకుండా ఆకులకు ఈ మైనాన్ని పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిలా రాలుతుంది. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టిది అరుదు. కరగాలంటే 80 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మందుబిళ్లల మీది మెరుపు, బూటు పాలిష్ మీది మెరుపు, మన కారు మీది మెరుపు చాలాసార్లు దీని పుణ్యమే. చెట్టు చర్మసౌందర్యాన్ని ఒలిచి రేకుకు పూసి, మూడు నెలలు కాకుండానే అది పాతబడిందని గీకి పారేయడాన్ని నాగరికత అంటారు.

అసలు సంగతేమిటంటే, ఈ అద్దెవాడు చాలాసార్లు మనం చెప్పకుండానే వెళ్లిపోతాడు. ఎండ, వాన, దుమ్ము, వారం వారం షాంపూ వీటన్నిటి మధ్య మామూలు వ్యాక్స్ కొన్ని వారాలుంటుంది, మహా అయితే రెండు మూడు నెలలు. మైనానికి బదులు పూసే సింథటిక్ సీలెంట్ అయితే ఇంకొంచెం ఎక్కువ. ఆర్నెల్ల కిందట పూసిన వ్యాక్స్ కోసం ఇవాళ యుద్ధానికి దిగడమంటే, ఎప్పుడో ఖాళీ అయిన ఇంటి తలుపు పగలగొట్టడమే. పైగా పాత వ్యాక్స్ మీద కొత్త వ్యాక్స్ వేసుకోవడానికి ఇంత హడావుడి అక్కర్లేదు. శుభ్రంగా కడిగితే చాలు. కొత్తదానిలోని ద్రావకం పాతదాన్ని కొంత కరిగించి తనలో కలుపుకుంటుంది. అందుకే పొర మీద పొర మేడలా లేవదు. “మా కారుకు పన్నెండు కోట్లు వేయించాను” అని గొప్పలు పోయే పెద్దమనుషులుంటారు. ఆ కోట్లు కారు మీద నిలవవు. వింటున్నవాడు ఆదాయపు పన్ను శాఖవాడైతే మాత్రం చెప్పినవాడికే కష్టం.

నిజంగా ఖాళీ చేయించక తప్పని సందర్భాలు కొన్నున్నాయి. మైనం కంటే ఎక్కువకాలం నిలిచే గట్టి పూత, అదే సిరామిక్ కోటింగ్, వేయించబోతున్నారు, అప్పుడు మైనం మధ్యలో ఉంటే ఆ కోటింగ్ క్లియర్ కోటును పట్టుకోదు. గీత పడ్డచోట పెయింట్ వేయించబోతున్నారు, అప్పుడు మైనమో సిలికోనో మిగిలుంటే కొత్త రంగు చెదిరి చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. లేదా గీతలు పోవడానికి పాలిష్ చేయించబోతున్నారు. ఈ మూడూ కాకపోతే మీ బాధ వ్యాక్స్ కాదు, సెలవు రోజు.

నా బాధ మొదటి రకానిదే. సిరామిక్ వేయిద్దామని నోరుజారి అన్నాను. సాయంత్రానికల్లా మా బావమరిది ఒక సీసాతో దిగాడు.

“ఏంట్రా అది?”

“థిన్నర్ బావా. ఒక్క తుడుపు తుడిస్తే మైనం కాదు కదా, దాని తాత కూడా ఉండడు.”

ఫ్యాక్టరీలో వేడికి గట్టిపడిన పెయింట్ థిన్నర్‌ను కాసేపు తట్టుకున్నా తట్టుకోవచ్చు. తర్వాత ఎక్కడో మళ్లీ వేయించిన పెయింట్‌కు ఆ హామీ లేదు. ఇదంతా నేను వాడికి చెప్పే లోపలే, వెనక తలుపు కింది అంచున తడిగుడ్డతో ఒక జానెడు తుడిచేశాడు. గుడ్డ ఎర్రబడింది. కారూ ఎరుపే. ఇద్దరం కాసేపు గుడ్డనే చూశాం.

“చూశావా బావా, ఎంత మైనం ఉందో!” అన్నాడు.

మైనం ఎర్రగా ఉండదు. క్లియర్ కోట్ ఉన్న కారులో గుడ్డకు రంగంటిందంటే పై కప్పు దాటి లోపలి అంతస్తు గోడకు కన్నం వేశామని అర్థం. పైన క్లియర్ కోట్ లేని పాతకాలపు పెయింటుకైతే పాలిష్ చేసేటప్పుడు గుడ్డకు కాస్త రంగంటడం మామూలే. మా కారు అంత పాతది కాదు. ఆ తలుపుకు ఒకసారి దెబ్బ తగిలితే మళ్లీ రంగు వేయించిన మాట వాడికి తెలియదు, నేను మరిచిపోయాను. కనిపించని మూల ముందు కొంచెం పరీక్షించి చూడాలన్న సూత్రాన్ని మావాడు తెలియకుండానే పాటించాడు కాబట్టి, ఆ జానెడుతోనే ఆగింది. అసిటోనూ ఇదే కోవలోకి వస్తుంది. పెట్రోలంటారా, దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. కారుకు పెట్రోలు పోసే చోటు ఒకటే ఉంది, అది బానెట్ కాదు.

సీసా లాక్కున్నాక వాడు వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమే లిక్విడూ, దానితోపాటు పచ్చటి స్క్రబ్బరూ పట్టుకొచ్చాడు. స్క్రబ్బరు గురించి ఎక్కువ మాట్లాడను. మాడిన గిన్నెను తెల్లగా చేయగలిగిన వస్తువు క్లియర్ కోటును ఏం చేస్తుందో చెప్పడానికి వ్యాసకర్త అక్కర్లేదు. లిక్విడ్ మాత్రం ఆసక్తికరమైన సాక్షి. దానితో కడిగాక నీళ్లు ముత్యాల్లా నిలవడం మానేస్తాయి. వ్యాక్స్ పోయిందని మనం చేతులు దులుపుకుంటాం. అది పైనున్న జిడ్డు తీసి, తన సబ్బుపొరను వదిలి ఉండొచ్చు. గట్టి వ్యాక్స్ దానికింద హాయిగా పడుకుని ఉంటుంది. మంచి నీళ్లతో బాగా కడిగి, ఆరాక మళ్లీ చల్లితే ముత్యాలు తిరిగొస్తాయి. అద్దెవాడు ఊరెళ్లాడనుకుంటే మిద్దె మీద కనిపించినట్టు. మురికి పేరుకున్నా నీళ్లు చాపలా పరుచుకుంటాయి కాబట్టి, ఈ నీళ్ల సాక్ష్యాన్ని శుభ్రంగా కడిగిన కారు మీదే తీసుకోవాలి.

ఇంతకీ మర్యాద పద్ధతి ఏమిటంటే, నీడలో నిలబెట్టి రేకు చల్లారనివ్వడం. వేడి రేకు మీద ఏది పోసినా క్షణంలో ఆరి మరకై కూర్చుంటుంది. ముందు ఉత్త నీళ్లతో దుమ్ము జార్చాలి. దుమ్ముండగా గుడ్డ పెట్టినవాడు గుడ్డ పెట్టలేదు, ఉప్పుకాగితం పెట్టాడు. తర్వాత పాత వ్యాక్స్ తీయడానికని చేసిన షాంపూ, రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి నీళ్లు. పైనుంచి కిందికి, నిలువుగానో అడ్డంగానో తిన్నటి గీతల్లో తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. తొమ్మిదో జాడింపు తర్వాత ఆ రెండో బకెట్ అడుగున ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. వేళ్లకు తగిలే ఆ ఇసుకంతా ఒకే బకెట్ వాడితే ఎక్కడికి పోయేదో ఆలోచించండి. నేను ఆలోచించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నోటీసు దశలో వచ్చేది పెయింటర్లు రంగు వేసేముందు తుడిచే వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్. మైనాన్ని నిజంగా కరిగించేది ఇదే. ఒక గుడ్డతో కొంచెం చోటు తడిపి, ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి. ఆరనిచ్చారా, కరిగిన మైనం మళ్లీ అక్కడే సెటిలవుతుంది. చేతికి గ్లవ్స్, గాలాడే చోటు, దగ్గర్లో మంట లేకపోవడం, ఇవి సలహాల కింద రావు, షరతుల కింద వస్తాయి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గురించి చాలా గొప్పగా చెబుతారు. పాలిష్ మిగిల్చిన నూనెను తుడవడంలో అది దిట్ట, మైనం దగ్గర దాని ప్రతాపం అంతంత మాత్రమే. కొత్తగా రంగు వేయించిన కారైతే ఇవన్నీ కొన్నాళ్లు ఆపి, వేసినవాణ్ణి అడగడం మేలు.

క్లే బార్ పోలీసు. బంకమట్టి ముద్దలా మెత్తగా ఉంటుంది కదా అని చనువు తీసుకోకూడదు. రంగులో దిగబడిన ఇనుప రజను, చెట్టు జిగురు అన్నీ లాగేస్తుంది, దారిలో మైనాన్ని కూడా. పని ఉందో లేదో తెలియాలంటే చేతికి పలుచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కడిగిన బానెట్ మీద వేళ్లు జార్చండి. ఉత్త చేతికి నున్నగా తగిలింది సంచిలోంచి గరగరలాడుతుంది. ముద్ద జారడానికి వాడే ద్రవం ధారాళంగా చల్లి, ముద్దను మాటిమాటికీ మడుస్తూ రుద్దాలి. చెయ్యి జారి నేలమీద పడిందా, ఇక దానికి రాజీనామా ఒక్కటే దారి. మా బావమరిది కిందపడ్డదాన్ని తీసి ప్యాంటుకు తుడిచి మళ్లీ రుద్దబోయాడు. ఆ క్షణంలో నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు గేటు దాకా వచ్చారు.

బుల్డోజరంటే పాలిషింగ్ మెషిన్. అది మైనంతోపాటు ఇంటి పైకప్పు కూడా కొంత చెక్కుతుంది. అంచుల దగ్గర, మలుపుల దగ్గర ముందే పలచన కాబట్టి అక్కడ కాస్త ఏమరిస్తే లోపలి అంతస్తు కనిపిస్తుంది. సిరామిక్ వేసుకున్నవాళ్లకు దాన్ని తీయాలంటే చివరికి ఇదే గతి, షాంపూలకు అది లొంగదు. మాట్ రంగు కారున్నవాళ్లు మాత్రం మెషిన్ వైపు చూడనే కూడదు. మెరుపు లేకపోవడానికే ఎక్కువ ఖర్చుపెట్టిన మనుషులు, వాళ్ల కారు ఒకచోట మెరిసినా పరువు పోయినట్టే.

రెండు పూటలు పట్టింది. సాయంత్రం నీళ్లు చల్లితే చాపలా పరుచుకుని జారిపోయాయి. మా ఆవిడ వచ్చి కారు చుట్టూ తిరిగి, “కడిగారా?” అంది. అంతే.

ఒక్కచోట మాత్రం ఓడిపోయాను. తలుపు పక్కన నల్ల ప్లాస్టిక్ పట్టీలో పాత వ్యాక్స్ తెల్లగా గడ్డకట్టి కూర్చుంది. ఎప్పుడో పూసినప్పుడు నేనే పూసిన నిర్లక్ష్యం అది. మెత్తటి బ్రష్‌కు సగం వదిలింది. మిగతాదానికి పెన్సిల్ రబ్బరు పనికొస్తుందని గుర్తొచ్చి అమ్మాయి పెట్టెలోంచి ఒకటి తీశాను. వింతగా పనిచేసింది. తెల్లటి మచ్చ తునకలు తునకలుగా రాలింది. చీకటి పడేదాకా కూర్చుని రుద్ది, రబ్బరును ఎక్కడ తీశానో అక్కడే పెట్టేశాను.

మర్నాడు అమ్మాయి బడినుంచి వచ్చి లెక్కల నోట్‌బుక్ నా ఒళ్లో పడేసింది. తప్పు పోయిన లెక్క ఒకటి చెరపబోయింది కాబోలు, పేజీ మధ్యలో అరచేతంత నల్లటి జిడ్డు మరక. కింద టీచరు ఎర్ర ఇంకుతో ‘శుభ్రత!’ అని రాశారు.