అసలు సిసలు ఐరిష్ ఆట ఏది? ఒక గంభీర విచారణ

బంతిని చేత్తోనూ కాలితోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్, రగ్బీ, బాక్సింగ్ అనే మూడింటిలో అసలు సిసలు ఐరిష్ ఆట ఏదన్న ప్రశ్న ఐర్లాండ్‌లో ఇప్పటికీ తేలలేదు. పండితుల కొరత వల్ల తేలలేదని ఎవరూ అపోహపడనక్కర్లేదు. ఆ దేశంలో సాయంత్రం దాటాక ప్రతి పబ్బులోనూ ఒక ధర్మాసనం కొలువుదీరుతుంది. వాది, ప్రతివాది, న్యాయమూర్తి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, గ్లాసులు ఖాళీ అవుతున్న కొద్దీ పాత్రలు మార్చుకుంటారు, చివరికి కేసు వచ్చే శనివారానికి వాయిదా పడుతుంది. మన తర్కశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలతో సరిపెట్టుకుని వెనకబడిపోయింది. ఐరిష్ క్రీడాభిమాని వీటికి ఐదో ప్రమాణాన్ని జోడించాడు. ఎదుటివాడి ఆటను ఏ కొలతతో కొలిస్తే అది పొట్టిగా తేలుతుందో, ఆ కొలతే సరైన కొలత. ఈ ప్రమాణం ఎంత పటిష్ఠమైనదో, దాని మీద ఎన్ని నిబంధనావళులు నిలబడ్డాయో విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా స్వచ్ఛత. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో, హేయ్స్ హోటల్లో, మైకల్ క్యూసాక్, మారిస్ డావిన్ మొదలైనవారు కలిసి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఇంగ్లండు పాలనలో ఇంగ్లండు ఆటలే ఆడితే జాతికి మిగిలేదేమీ ఉండదన్నది వారి ఆవేదన, అందులో ఎగతాళి చేయదగినది ఏమీ లేదు. ఎగతాళికి అర్హత ఆ తర్వాతి నిబంధనలకు వచ్చింది. సంఘ సభ్యులెవరూ విదేశీ ఆటలు ఆడకూడదు, ఆడేవాళ్ల వంక చూడనూ కూడదు. విదేశీ ఆటలంటే రగ్బీ, సాకర్, హాకీ, క్రికెట్. నియమం ఉల్లంఘించినవారిని పట్టుకోవడానికి నిఘా సంఘాలను కూడా నియమించారు. కాబట్టి ఏ కుర్రాడైనా రగ్బీ మైదానం పక్కన టోపీ దించుకుని నిలబడితే, ఆ పక్కనే మరో టోపీ దించుకుని సంఘం మనిషి కూడా నిలబడి ఉండే అవకాశం ఉండేది. రగ్బీ చూసినందుకు ఆ కుర్రాడిపై వేటు పడుతుంది, అదే రగ్బీ చూసినందుకు ఈయన విధి నిర్వహణ పూర్తవుతుంది. క్రికెట్ చూడటం బహిష్కరించదగ్గ నేరమన్న మాట చదివి తెలుగు పాఠకులు ఉలిక్కిపడటం సహజమే. మన జిల్లాల్లో ఈ నియమం అమలై ఉంటే సంఘాల్లో సభ్యులుగా ఎవరు మిగిలేవారో ఊహించడానికి కూడా సాహసం కావాలి.

ఈ నియమం పేదవాణ్ణి ఒకలా, పెద్దవాణ్ణి ఒకలా చూసిందని మాత్రం ఎవరూ అనలేరు. డగ్లస్ హైడ్ ఐరిష్ భాష కోసం జీవితం ధారపోసిన పండితుడు, ఆ భాషా సంఘమైన గేలిక్ లీగ్ స్థాపకుల్లో ఒకడు, దేశానికి మొట్టమొదటి రాష్ట్రపతి. 1938లో ఆయన రాష్ట్రపతి హోదాలో ఒక అంతర్జాతీయ సాకర్ మ్యాచ్‌కు హాజరయ్యాడు. ఆయన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌కు గౌరవ పోషకుడు కూడా. సంఘం ఏమాత్రం తడబడకుండా ఆ గౌరవాన్ని వెనక్కి తీసుకుంది. దేశంలో అందరికంటే ఎక్కువ ఐరిష్‌గా బతికిన మనిషి ఐరిష్‌తనంలో ఉత్తీర్ణుడు కాలేకపోయాడంటే పరీక్ష ఎంత కఠినంగా ఉండేదో అర్థం చేసుకోవచ్చు. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. సంఘం మైదానాల తలుపులు మాత్రం విదేశీ ఆటలకు ఆ తర్వాత కూడా మూసే ఉన్నాయి.

ఇక బాక్సింగ్ సంగతి. ఆధునిక బాక్సింగ్‌కు నియమావళిని ఇచ్చింది ఇంగ్లండే, ఆ నియమాలకు ఒక స్కాటిష్ ప్రభువుగారి బిరుదు కూడా ఉంది. అయినా నిషిద్ధ క్రీడల నాలుగింటి జాబితాలో దానికి చోటు దొరకలేదు. అందువల్ల 1972 జూలై 19న గేలిక్ ఆటల పుణ్యక్షేత్రమైన, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో అమెరికా నుంచి వచ్చిన ముహమ్మద్ అలీ, అమెరికా నుంచే వచ్చిన అల్ లూయిస్‌ను నిరాటంకంగా కొట్టగలిగాడు. ఆ గడ్డ మీద 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి, టిప్పరరీ ఆటగాడు మైకల్ హోగన్ సహా 14 మందిని పొట్టనబెట్టుకున్నాయి. అందుచేత ఇంగ్లండు ఆటలకు అక్కడ తావు లేదన్న పట్టుదలను ఎవరైనా అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోవడానికి కాస్త శ్రమపడవలసినది బాక్సింగ్‌ను లోపలికి అనుమతించిన వివేకాన్ని. దీనికి అభిమానులు చెప్పే సమాధానం సూటిగా ఉంటుంది: మనం గెలిచే ఆట విదేశీ ఆట ఎలా అవుతుంది? ఒలింపిక్స్‌లో ఐర్లాండ్‌కు మరే క్రీడలోనూ రానన్ని పతకాలు బాక్సింగ్‌లో వచ్చాయి. పతకం మెడలో పడిన క్షణం నుంచి ఆ ఆట తాతల నాటిదవుతుంది.

రగ్బీకి ఆ గడప దాటడానికి మరో 35 ఏళ్లు పట్టింది. అదీ సిద్ధాంతం మారి కాదు, రగ్బీ సొంత మైదానమైన లాన్స్‌డౌన్ రోడ్‌ను పడగొట్టి కట్టవలసి రావడం వల్ల. సంఘం మైదానాల్లో విదేశీ ఆటలు కూడదన్న నిబంధనను 2005లో సడలించారు. 2007 ఫిబ్రవరిలో ఇంగ్లండు రగ్బీ జట్టు క్రోక్ పార్క్‌లో అడుగుపెట్టింది, బ్రిటిష్ జాతీయ గీతం వినిపించింది, ప్రేక్షకులు నిశ్శబ్దంగా నిలబడ్డారు, తర్వాత ఐర్లాండ్ 43-13 తేడాతో గెలిచింది. అంతకు రెండు వారాల ముందు అదే మైదానంలో ఫ్రాన్స్ చేతిలో 17-20తో ఓడింది. ఆ ఓటమి గురించి ఎవరినైనా అడిగి చూడండి, సంభాషణ వాతావరణం మీదికి మళ్లుతుంది. ఇంగ్లండు మీద గెలిచిన 80 నిమిషాల్లో రగ్బీ ఎంత ఐరిష్ ఆటగా మారిందంటే, అంతవరకు అది ఫీజులు కట్టే దక్షిణ డబ్లిన్ పాఠశాలల ఆట అని ఈసడించినవారే మర్నాడు స్క్రమ్ సాంకేతికత గురించి ఉపన్యాసాలిచ్చారు.

ఆ ఈసడింపుకు రగ్బీ అభిమాని దగ్గర సిద్ధంగా ఉండే జవాబు లిమరిక్ నగరం. అక్కడ ఈ ఆట రేవు కూలీలదీ, ఫ్యాక్టరీ కార్మికులదీ కూడా. లిమరిక్‌లోని థోమండ్ పార్క్‌లో 1978 అక్టోబరు 31న మన్‌స్టర్ అనే ప్రాంతీయ జట్టు న్యూజిలాండ్‌ను 12-0తో ఓడించింది. ఆ రోజు మైదానంలో ఉన్నది సుమారు 12,000 మంది. ఇప్పటివరకు ఆ మ్యాచ్‌ను కళ్లారా చూశామని ప్రమాణం చేసినవారి సంఖ్య లక్ష దాటిందన్నది వాళ్ల దేశంలో వాళ్లే వేసుకునే పరిహాసం. నేను దాన్ని పరిహాసంగా తీసుకోను. గతానికి టికెట్లు అమ్మగలిగిన జాతి మరొకటి ఉందేమో వెతకవలసిందే.

రగ్బీలో ఐరిష్‌తనాన్ని నిర్ణయించే పద్ధతి మరింత శాస్త్రీయమైనది. 2023 ప్రపంచకప్‌కు ఐర్లాండ్ ప్రపంచ నంబర్ వన్‌గా వెళ్లి, వరసగా 17 విజయాల తర్వాత, క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 24-28తో ఓడింది. ఆ మ్యాచ్‌లో ఐర్లాండ్ తరఫున ట్రై సాధించిన బండీ ఆకీ, జేమిసన్ గిబ్సన్-పార్క్ ఇద్దరూ న్యూజిలాండ్‌లో పుట్టినవారే. బంతి గీత దాటి నేలను తాకినప్పుడు వారిరువురూ నిఖార్సైన ఐరిష్ పుత్రులు. బంతి చేజారితే మాత్రం, కొన్నేళ్లు దేశంలో ఉంటే జట్టులోకి రానిచ్చే నివాస నిబంధనలను కఠినతరం చేయాలన్న గంభీర చర్చ పబ్బులో మొదలవుతుంది. గేలిక్ ఫుట్‌బాల్ అభిమాని ఇదంతా విని జాలిపడతాడు, ఎందుకంటే అతని కౌంటీ జట్టులో పక్క కౌంటీ వాడు ఆడితేనే అది వలస సమస్య.

క్వార్టర్ ఫైనల్ దాటకపోవడం గురించి రగ్బీ అభిమానిని ఎత్తిపొడవడం అన్యాయం. 1987 నుంచి ఇప్పటివరకు ఐర్లాండ్ ఎనిమిది ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్స్ ఆడి ఎనిమిదింటా ఓడింది. ఇంత నిలకడ ఇంకే జట్టుకూ లేదు. పైగా ప్రపంచకప్ జరగని మూడేళ్లలో ఐర్లాండ్‌ను మించిన జట్టు లేదని అతను నిరూపించగలడు. తప్పంతా ప్రపంచకప్‌ను నాలుగో ఏట పెట్టినవారిది.

అయితే ఓటమిలో పాండిత్యం విషయానికొస్తే రగ్బీ అభిమాని మేయో కౌంటీవారి ముందు మోకరిల్లవలసిందే. గేలిక్ ఫుట్‌బాల్‌లో మేయో చివరిసారి ఆల్ ఐర్లాండ్ (కౌంటీల మధ్య జరిగే జాతీయ పోటీ) గెలిచింది 1951లో. ఆ విజయోత్సవంతో ఇంటికి వస్తున్న జట్టు ఫాక్స్‌ఫర్డ్ ఊళ్లో ఒక శవయాత్రకు తగిన మర్యాద చూపలేదని, కోపించిన మతాచార్యుడు ఆ ఆటగాళ్లు బతికున్నంతకాలం మేయో మళ్లీ గెలవదని శపించాడని కథ. 1989 నుంచి 2021 వరకు మేయో 11 ఫైనల్స్‌కు చేరి పదకొండింట్లోనూ ఓడింది. 2016 ఫైనల్లో మేయో ఆటగాళ్లు తమ గోల్‌లోకే రెండుసార్లు బంతి పంపారు. అయినా మ్యాచ్ డ్రా అయింది, దాంతో మళ్లీ ఆడి ఒక పాయింటు తేడాతో ఓడే సదవకాశం దక్కింది. మరుసటి ఏడు కూడా ఒక పాయింటే. దుర్వాసుడు కూడా శాపానికి ఒక విమోచన చెప్పి వెళ్లేవాడు. ఫాక్స్‌ఫర్డ్ శాపానికి విమోచన తేదీ అడిగితే మేయో అభిమాని నొచ్చుకుంటాడు. శాపం తీరిపోతే తర్వాతి ఓటమికి శిక్షణను, వ్యూహాన్ని, ఎంపికను నిందించవలసి వస్తుంది. అంత మోటు పనికి అతను అలవాటు పడలేదు.

గేలిక్ అభిమాని తురుపు ముక్క మరొకటి ఉంది, డబ్బు. కౌంటీ ఆటగాళ్లకు జీతం లేదు. 82,300 మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆదివారం ఫైనల్ ఆడినవాడు కొద్ది రోజుల్లో బడిలో పాఠం చెప్పుకుంటాడు. 1995లో వృత్తి క్రీడగా మారిన రగ్బీని, కోట్ల బహుమతుల బాక్సింగ్‌ను చూసి గేలిక్ అభిమాని ముక్కు చిట్లించడానికి ఈ త్యాగమే ఆధారం. త్యాగం చేసేది ఆటగాడే, కానీ ఆ త్యాగాన్ని గురించి గంటలకొద్దీ మాట్లాడే భారం అభిమానిది. అతనికీ జీతం లేదు.

ఎవరి ఆట చూడబుద్ధవుతుందన్న అంశంలో ముగ్గురూ ఒకరికొకరు తీసిపోరు. 2003లో టిరోన్ జట్టు మూకుమ్మడి రక్షణతో కెర్రీని ఉక్కిరిబిక్కిరి చేసి గెలిస్తే, కెర్రీ పూర్వ ఆటగాడు పాట్ స్పిలేన్ దానికి వాంతి ఫుట్‌బాల్ అని నామకరణం చేశాడు. ఆ ఏడాది కప్పు టిరోన్‌దే. ఆ తర్వాత రెండు దశాబ్దాలు అందరూ ఆ వాంతినే అనుకరించారు. చివరికి డబ్లిన్ పూర్వ శిక్షకుడు జిమ్ గావిన్ నాయకత్వంలోని కమిటీ సూచనల మేరకు 2025లో నియమాలు తిరగరాశారు: దూరం నుంచి కొడితే రెండు పాయింట్లు, ప్రతి జట్టు ముగ్గురు ఆటగాళ్లను ఎదుటి సగంలో ఉంచి తీరాలి. అదే ఏడాది గావిన్ రాష్ట్రపతి పదవికి పోటీ చేసి మధ్యలో తప్పుకున్నాడు. ఆటను బాగుచేయడం దేశాన్ని ఏలడం కంటే సులువని దీన్నుంచి తేల్చడం తొందరపాటు, ఎందుకంటే కొత్త నియమాల మీద అభిమానుల అభిప్రాయం వాళ్ల కౌంటీ ఏ రౌండులో ఇంటిముఖం పట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

బాక్సింగ్ అభిమాని వీళ్లందరిలోకీ మితభాషి. నాలుగేళ్లకొకసారి, ఒలింపిక్స్ రెండు వారాలే మాట్లాడతాడు. 2012లో లండన్‌లో బ్రే పట్టణానికి చెందిన కేటీ టేలర్ స్వర్ణం గెలిచినప్పుడు, టోక్యోలోనూ పారిస్‌లోనూ డబ్లిన్ నడిబొడ్డున పుట్టిన కెల్లీ హ్యారింగ్టన్ గెలిచినప్పుడు, దేశం మొత్తానికి పాదాల కదలిక గురించి పూర్తి అవగాహన కలిగింది. 2016 రియోలో ఓడిన మైకల్ కాన్లన్ న్యాయనిర్ణేతలకు మధ్యవేళ్లు చూపించి వచ్చేశాడు. ఐదేళ్ల తర్వాత ఆ పోటీల్లో అక్రమాలు నిజమేనని విచారణ నివేదిక తేల్చింది. ఫిర్యాదు నిజమని తేలిపోవడం ఐరిష్ అభిమానికి అనుభవంలో లేని విపత్తు. తర్వాత దేని మీద వాదించాలో తెలియక బాక్సింగ్ అభిమాని కొంతకాలం రగ్బీ చూశాడు. 2023లో కేటీ టేలర్ సొంత గడ్డ మీద తొలి ప్రొఫెషనల్ పోరుకు క్రోక్ పార్క్ కావాలని ప్రమోటర్లు అడిగితే, ఖర్చు లెక్కలు కుదరక అది అదే ఊళ్లోని ఒక ఇండోర్ అరీనాలో జరిగింది. అలీకి దొరికిన మైదానం ఆమెకు దొరకలేదేమని అడిగిన అమాయకులకు భద్రతా వ్యయం గురించి వివరించారు. నియమావళిలో ఏ సంఖ్య గల నిబంధన అడ్డుపడినా వివాదం ఇంత చప్పగా ఉండేది కాదు.

నియమావళి ఎప్పుడూ ఉదారమైనదే. 1997లో, అంటే రగ్బీకి ఇంకా తలుపులు మూసి ఉన్న రోజుల్లోనే, పిట్స్‌బర్గ్ స్టీలర్స్, షికాగో బేర్స్ జట్లు క్రోక్ పార్క్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి వెళ్లాయి. 2025 సెప్టెంబరులో స్టీలర్స్ మళ్లీ వచ్చి మిన్నెసోటా వైకింగ్స్‌తో అసలు సీజన్ మ్యాచే ఆడింది. శిరస్త్రాణాలు, భుజాలకు కవచాలు, నిమిషానికోసారి విరామం ఉన్న ఈ ఆట విదేశీ ఆట కాదా అని అడిగేవారికి ధర్మాసనం దగ్గర జవాబు తయారుగా ఉంది: స్టీలర్స్ యజమానులైన రూనీ కుటుంబం పూర్వీకులు న్యూరీ ఊరివాళ్లు. న్యూరీ అంటే డౌన్ కౌంటీ. డౌన్ కౌంటీ అయిదుసార్లు ఆల్ ఐర్లాండ్ గెలిచింది.